కాలేయమునకు క్రొవ్వు పట్టుట: ఏ యెలుక సాక్ష్యము?

ఫలాని వేరు, ఫలాని పొడి ఎలుకల కాలేయమును బాగుచేసినదను ప్రకటనలు చూచి రూపాయలు వెచ్చించువారు మన ప్రాంతమునను కలరు. కొందఱు వైద్యుని మందు సయితము మానుచున్నారు. అట్టి ప్రకటన కనబడినప్పుడు చదువరులు “ఏ యెలుక?” యని యడుగవలయునని మా కోరిక. ఆ ప్రశ్న యేల ముఖ్యమో యిచ్చట వివరించుచున్నాము.

మద్యము ముట్టనివారి కాలేయమును చెడును. మద్యపాయుల కాలేయమందు గానవచ్చు క్రొవ్వు, వాపు, మచ్చలు తాగనివారియందును గలవని అమెరికాలోని మేయో వైద్యశాలకు చెందిన లుడ్విగ్ పండితుడును, ఆయన సహచరులును 1980లో వ్రాసి, దానికొక పేరిడిరి. 2023లో ఆ పేరు మార్చబడినది. వ్యాధి మాత్రము మాఱలేదు. స్థూలకాయము, మధుమేహము గలవారిలో నిది విశేషము.

మన యూరి పేరులోనే చెరువున్నది గనుక దానినే తలంచుకొందము. వాగు పొంగినను చెరువు నిండును. తూము మూసికొన్నను నిండును. కాలేయమందలి క్రొవ్వు నట్టిదే. అధికాహారము వలనను, ఒడలి క్రొవ్వు వలనను లోనికి వచ్చునది కొంత. వెలికి మోసికొనిపోవు సాధనములు చాలక నిలిచిపోవునది కొంత. అయితే నీరు నిండుట వేఱు, పూడిక పడుట వేఱు. వాపు చిరకాలము నిలిచి, నారవంటి మచ్చ పేరుకొని, కాలేయము గట్టిపడుటయే ముదిరిన దశ. ప్రాణభయ మిచ్చటనే కలదు.

ఈ దశకు వచ్చుటకు మనుష్యునకు పెక్కు సంవత్సరములు పట్టును. కాలేయపు తునుకను సూదితో మాటిమాటికి దీయుటయు తగదు. అందుచేతనే జంతువులపై పరిశోధన. టొరంటోలో బెస్టు పండితుడు, క్లోమము తీసివేయబడి ఇన్సులినుపై బ్రదుకు కుక్కల కాలేయములకు క్రొవ్వు పట్టుటయు, లెసిథిన్ నిడగా తగ్గుటయు గమనించెను. లెసిథిన్‌లోని కోలీన్ అను పదార్థమే యిందుకు కారణమని 1932లో తేలెను. మన శ్రీకాకుళమున 1921లో జన్మించి, విశాఖపట్టణమున వైద్యము చదివిన వులిమిరి రామలింగస్వామి గారు ఢిల్లీలో కోతులకు మాంసకృత్తులు కొఱవడిన యాహారము నిడి పరిశీలించిరి. వాని కాలేయములకు క్రొవ్వు పట్టెను. ఇవి తూము మూసికొన్న కథలు. మాంసకృత్తుల లేమిచే ఒడలుబ్బిన పసిపిల్లల కాలేయమునకును ఇట్లే క్రొవ్వు పట్టును గాని, సరియైన తిండి దొరకగానే తగ్గును, సాధారణముగా గట్టిపడదు.

ఇక చిట్టెలుకల మాట. మెథియోనిన్, కోలీన్ రెండును లేని మేత నిడినచో కొలది వారములలోనే క్రొవ్వు, వాపు, మచ్చ యన్నియు వచ్చును. పరిశోధకునకు సులభమార్గమే! కాని యా చిట్టెలుకలు చిక్కి శల్యమగును; రోగియో, బొజ్జతో మధుమేహముతో వచ్చును. దీనికి నెదురు, 1949లో అమెరికాలోని జాక్సన్ ప్రయోగశాలలో కనబడిన స్థూలకాయపు చిట్టెలుక. ఆకలి నణచు లెప్టిన్ దానియందు లేదు. ఆ లెప్టిన్ 1994లో గాని కనుగొనబడలేదు. అది తిని తిని బలియును, కాలేయము క్రొవ్వుతో నిండును, కాని తనంత తాను మచ్చ పడదు. ఏలన, మచ్చ పడుటకును లెప్టిన్ తోడ్పడును! మొదటిదానిలో రోగము కలదు, రోగి లేడు; రెండవదానిలో రోగి కలడు, ముదిరిన రోగము లేదు.

మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ యెలుకలును చెప్పదగినవి. 1918లో కూనూరున మెకారిసన్ దొర యారంభించిన పరిశోధన 1958లో హైదరాబాదునకు తరలివచ్చెను. అచ్చటి ఎలుకలలో స్వయముగా బుట్టిన స్థూలకాయపు వంశమును గూర్చి 1996లో ప్రకటించిరి. ఇవి మితిమీరి తినును, రక్తములో ఇన్సులిన్ అధికము, సంతానము లేదు. వాగు పొంగుట నెఱుంగుట కివి మేలైనవి. పూడిక పడిన దనుటకు మాత్రము కాలేయమును ప్రత్యేకముగా జూడవలయును.

ఈ భేదము పండితుల తర్కము మాత్రమే కాదు. సెలోన్‌సెర్టిబ్ అను మందు జంతువులలో మచ్చను తగ్గించెను. 2019లో రోగులపై జరిగిన పెద్ద పరీక్షలలో విఫలమయ్యెను. రెస్మెటిరామ్ అను మందు రోగులలోనే మేలు చూపగా, 2024 మార్చిలో అమెరికాలో అనుమతి పొందెను.

ఇప్పుడు శ్రద్ధగల పరిశోధకులు చిట్టెలుకలకు క్రొవ్వు, ఫ్రక్టోజ్, కొలెస్టరాల్ గల మేతను నెలల తరబడి పెట్టుదురు. పిమ్మట ఒక్కొక్కదాని కాలేయమునుండి చిన్న తునుక దీసి, మచ్చ పడినదని రూఢిపఱచుకొని, అప్పుడే మందు మొదలిడుదురు. పూడిక రాకుండ నాపిన మందు వేఱు, పడిన పూడికను తీసిన మందు వేఱు. వైద్యుని యొద్దకు వచ్చువానికి పూడిక అప్పటికే పడియుండును.