బండి సాలకు తక్కువ ఖర్చుతో గట్టి నేల

ఒకప్పుడు మన గ్రామములలో బండి సాల అనగా ఎడ్లబండి నిలుచు పాక మాత్రమే. దాని నేలను గూర్చి ఎవరును ప్రత్యేకముగ ఆలోచింపలేదు. ఎర్రమట్టి వేసి, నీరు చల్లి, దిమ్మిసతో కొట్టి, పేడతో అలికిన చాలెడిది. నేడు ఆ పాకలో మోటారు సైకిలు, ఆటో, కారు, ట్రాక్టరు నిలుచుచున్నవి. బరువు పెరిగినది. నూనె, గ్రీజు వచ్చి చేరినవి. కాని నేల విషయమున పెక్కు ఇండ్లలో రెండు పద్ధతులే కనిపించును. కొందరు మట్టినేలనే ఉంచి, వానకాలమున బురదలో బండిని నిలుపుదురు. మరికొందరు ముందుగదిలో వేసిన నిగనిగలాడు టైల్సునే సాలలోను వేయించి, కొద్దికాలములోనే అవి పగులుట చూచి విచారింతురు. ఈ రెంటికిని నడుమ, మన చేతిలో ఉన్న సొమ్ముకు తగిన మార్గములు కలవు. వానిని తెలిసికొని ఇరుగు పొరుగులకు చెప్పుట పంచాయతీ సభ్యుల పనులలో ఒకటి.

విజయనగరము జిల్లా భోగాపురము మండలమున ఈ ప్రశ్న నేడు మరింత ముఖ్యమైనది. 16వ నంబరు జాతీయ రహదారి ఈ మండలము మీదుగా పోవుచున్నది. ఇచటి అంతర్జాతీయ విమానాశ్రయమునకు 2023 మే 3వ తేదీన శంకుస్థాపన జరిగినది. అందులకై భూములు ఇచ్చిన కుటుంబములలో కొన్ని తమ పాత పల్లెలను విడిచి కొత్త స్థలములలో ఇండ్లు కట్టుకొన్నవి. ముక్కాము, చేపలకంచేరు వంటి తీరగ్రామములలో చేపల వ్యాపారమునకు ఆటోయే ఆధారము. అప్పు చేసి బండి కొన్న కుటుంబమునకు ఆ బండియే పొలము, ఆ బండియే పెట్టుబడి. అట్టి ఇంటివారు సాల నేలకై ఖర్చు పెట్టు ప్రతి రూపాయియు లెక్కతో పెట్టవలసినదే.

మొదట ఒక్క మాట మనసున నిలుపుకొందము. నేల బలము పైమెరుగులో లేదు, అడుగున ఉన్నది. చేతిలో ఉన్న సొమ్ము తక్కువైనపుడు ముందుగా అడుగును గట్టిపరచి, పైపనిని తరువాతి ఏటికి ఉంచుకొనుటయే మేలు.

అడుగును గట్టిపరచుట

భోగాపురము ప్రాంతమున ఎక్కువగా ఎర్రని ఇసుక నేలలు, తీరమున తెల్లని ఇసుక కనిపించును. కొబ్బరి, జీడిమామిడి, సరుగుడు పెరుగు ఈ నేలలు వానకు ఉబ్బవు, ఎండకు నెర్రెలు విచ్చవు. అది మనకు అనుకూలము. చెరువుల క్రింద ఉన్న నల్లరేగడి అట్టిది కాదు. అది తడిసిన ఉబ్బును, ఆరిన కుంచించుకొని పోవును. అట్టి చోట పైనుండి కనీసము 30 సెంటీమీటర్ల లోతు మట్టిని తీసివేసి, గ్రావెలుతో నింపవలెను.

కొత్త స్థలములలో మరియొక చిక్కు కలదు. అక్కడ గుంతలను పూడ్చి మట్టము చేసిన మట్టి తానై గట్టిపడుటకు చాల కాలము పట్టును. కావున గ్రావెలును ఒకేసారి కుప్పగా పోయక, 15 సెంటీమీటర్ల పొరలుగా పరచి, ఒక్కొక్క పొరను తడిపి దిమ్మిస చేయవలెను. మడమతో గట్టిగా నొక్కినను గుర్తు పడనపుడే తరువాతి పొర వేయవలెను. అనుమతి లేని చోట గ్రావెలు త్రవ్వరాదు. చెరువు గట్లను, దిబ్బలను తొలిచి తెచ్చిన మట్టితో ఇంటికి మేలు, ఊరికి కీడు కలుగును.

సాల నేల చుట్టుపట్ల వాకిలి కన్న కనీసము 15 సెంటీమీటర్ల ఎత్తున ఉండవలెను. ఈ తీరమునకు తుపానులు కొత్తవి కావు. 2014 అక్టోబరు 12వ తేదీన విశాఖపట్నము వద్ద తీరము దాటిన హుద్‌హుద్ తుపానును ఈ ప్రాంతమువారు మరువలేరు. వాకిట నిలిచిన నీరు లోపలికి వచ్చిన ఎంత మంచి నేలయైనను అడుగున మెత్తబడును. నేలకు వెలుపలి వైపునకు, మీటరుకు 1 నుండి 1.5 సెంటీమీటర్ల వాటము ఉంచిన, కడిగిన నీరు తానై జారిపోవును.

ఏ బండికి ఏ నేల

మోటారు సైకిలు మాత్రమే ఉన్న ఇంటికి గట్టిగా దిమ్మిస చేసిన గ్రావెలు నేల చాలును. అంచులు విరుగకుండ చుట్టును ఇటుకలను నిలువుగ పాతవలెను. స్టాండు దిగబడు చోట ఒక రాతిపలకను వేసిన సరిపోవును. ఈ నేలను ఏటేట వానలు వెలిసిన పిదప సరిచేయవలసి యుండును. దుమ్ము లేచుట దీని లోపము. కాని ఇది వృథా ఖర్చు కాదు. సొమ్ము కూడినపుడు దీనిపైననే కాంక్రీటు పోయవచ్చును.

ఆటోకు ఇటుకలను అంచుపై నిలిపి పరచిన నేల పనికి వచ్చును. ఫ్లైయాష్ ఇటుకలు మన ప్రాంతమున దొరకును. 3 నుండి 5 సెంటీమీటర్ల ఇసుక పరుపుపై వానిని దగ్గరగా పేర్చి, సందులను సిమెంటు ఇసుక పాలుతో నింపవలెను. ఒక ఇటుక పగిలిన దానిని మాత్రమే తీసి మార్చుకొనుట ఇందలి సౌకర్యము.

శ్రీకాకుళము జిల్లా టెక్కలి ప్రాంతపు గ్రానైటు ప్రసిద్ధమైనది. కోత మిల్లులలో మిగిలిన ముక్కలు చవుకగా దొరికిన, వానిని కూడ పరచుకొనవచ్చును. ఇచట రెండు జాగ్రత్తలు అవసరము. నునుపు చేసిన ముఖమును పైకి ఉంచిన తడి చక్రము, తడి కాలు రెండును జారును. గరుకు ముఖమే పైకి రావలెను. పలక అడుగున అంతటను సున్నము లేక సిమెంటు పరుపు అంటియుండవలెను. నాలుగు మూలల ముద్దలు పెట్టి పలకను మోపిన, నడుమ బోలుగా మిగిలి, చక్రము ఎక్కినంతనే విరుగును. టైల్సు పగులుటకును ముఖ్య కారణము ఇదియే. చేతివ్రేలితో తట్టిన బోలు శబ్దము వచ్చుచోటు పగులు చోటని తెలియవలెను.

కారునకు చక్రములు నడుచు దారులలో మాత్రమే కాంక్రీటు పోసి, నడుమను, ప్రక్కలను గ్రావెలు ఉంచుకొనుట చాల పొదుపైన పద్ధతి. ఒక్కొక్కటి 60 సెంటీమీటర్ల వెడల్పుగల రెండు పట్టీలు చాలును. ఆటోకు ముందు చక్రము నడుమ నుండుట వలన ఈ పద్ధతి దానికి పొసగదు.

ట్రాక్టరు ఒక్కటియే సుమారు 2 టన్నుల బరువు ఉండును. నిండిన తొట్టి తోడైన ఇంకను పెరుగును. దానికి 15 సెంటీమీటర్ల గ్రావెలు పొరపై 15 సెంటీమీటర్ల కాంక్రీటు వేయుట తగును. అది సమకూరనిచో ట్రాక్టరును మంచి గ్రావెలు నేలపై నిలుపుట మేలు. పలుచని కాంక్రీటు పోసి పగులగొట్టుకొనుట రెండు విధముల నష్టము.

బస్తాల లెక్క

ధరలు ఊరూరికి, నెలనెలకు మారును. కావున సరుకు లెక్క తెలిసిన, ధర ఎవరికి వారు కట్టుకొనవచ్చును. 5 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు గల సాలకు 10 సెంటీమీటర్ల మందమున కాంక్రీటు పోసిన మొత్తము ఒకటిన్నర ఘనపు మీటర్లగును. ఒక పాలు సిమెంటు, రెండు పాళ్ళు ఇసుక, నాలుగు పాళ్ళు 20 మిల్లీమీటర్ల కంకర కలిపిన, సుమారు 10 బస్తాల సిమెంటు, 0.66 ఘనపు మీటరు ఇసుక, 1.32 ఘనపు మీటర్ల కంకర పట్టును. కారుకు పైన చెప్పిన రెండు పట్టీలు మాత్రమే పోసిన 4 బస్తాలతో పని ముగియును. ట్రాక్టరు సాలకు ఒకటి, ఒకటిన్నర, మూడు పాళ్ళ మిశ్రమము వాడిన ఘనపు మీటరుకు సుమారు 8 బస్తాలు పట్టును.

పాళ్ళను తట్టలతో ఉజ్జాయింపుగా కొలచుట మానవలెను. 40 సెంటీమీటర్ల పొడవు, 35 సెంటీమీటర్ల వెడల్పు, 25 సెంటీమీటర్ల లోతు గల చెక్కపెట్టె 35 లీటర్లు పట్టును. ఒక బస్తా సిమెంటు పరిమాణము దాదాపు అంతియే. ఆ పెట్టెతో ఇసుకను, కంకరను కొలిచిన మోసము గాని పొరపాటు గాని జరుగదు.

మందమును తగ్గించి సిమెంటు మిగిల్చుకొందమని కొందరు అనుకొందురు. ఇది చాల హానికరమైన పొదుపు. నేల మందము సగమైన దాని బలము సగము కాదు, సుమారు నాల్గవ వంతు మాత్రమే మిగులును.

ఇసుక, నీరు, ఇనుము

సముద్రతీరపు ఇసుక ఊరికి చేరువ, ఖర్చు లేదు. అయినను దానిని వాడరాదు. అందలి ఉప్పు గాలిలోని తేమను పీల్చుచు నేలను ఎప్పుడును చెమర్చునట్లు చేయును, తెల్లని పొడిగా పైకి తేలును. చంపావతి, గోస్తని వంటి నదుల ఇసుకను అనుమతి గల చోటి నుండియే తేవలెను. లేనిచో క్రషరులలో తయారగు రోబో ఇసుక వాడవచ్చును. ఇసుకలో మట్టి ఎంత ఉన్నదో తెలిసికొనుట సులభము. గాజు సీసాలో సగమునకు ఇసుక, ఆపైన నీరు పోసి బాగుగ కుదిపి, 3 గంటలు కదల్పక ఉంచవలెను. ఇసుకపై తేరిన ఒండ్రు పొర, ఇసుక ఎత్తులో పన్నెండవ వంతునకు మించిన ఆ ఇసుకను కడిగి వాడవలెను.

కలుపుట సులభమగునని నీరు ఎక్కువ పోయుట మేస్త్రీలలో పెద్ద దురలవాటు. బస్తాకు 30 నుండి 32 లీటర్లకు మించి నీరు పోయరాదు. ఇసుక తడిగా ఉన్న ఇంకను తగ్గింపవలెను. ఎక్కువైన నీరు ఆవిరియై పోయి కాంక్రీటులో సన్నని రంధ్రములను మిగుల్చును. పైన తేలిన నీటిపై పొడి సిమెంటు చల్లి నునుపు చేసిన, ఆ పొర కొద్ది నెలలలో పెచ్చులుగా లేచును.

ఇంటి సాలకు ఇనుప చువ్వలు సాధారణముగ అవసరము లేదు. తీరగ్రామములలో చేపల పెట్టెలనుండి కారు ఉప్పునీరు చువ్వలకు చేరిన అవి త్రుప్పుపట్టి, ఉబ్బి, కాంక్రీటును చీల్చును. చువ్వలకు పెట్టు సొమ్మును అడుగు గ్రావెలుకు పెట్టవలెను.

కాంక్రీటు ఆరునపుడు కొంత కుంచించుకొనును. అది ఇష్టము వచ్చినట్లు పగులకుండ 5 మీటర్ల పొడవును రెండు భాగములుగ విభజించి, నడుమ మందములో నాల్గవ వంతు లోతున గీత పెట్టవలెను. పైభాగమును చెక్కపలకతో రుద్ది, చీపురుతో అడ్డముగ సన్నని గీతలు లాగిన జారదు. ఇంతకన్న వేరు మెరుగు అవసరము లేదు.

తడుపుట

నేల వేయుటలో ఖర్చు లేని పని తడుపుటయే. అదియే ఎక్కువమంది విస్మరించు పని. సాధారణ సిమెంటుకు కనీసము 7 దినములు, బూడిద గాని స్లాగు గాని కలిసిన సిమెంటుకు కనీసము 10 దినములు తడి ఆరకుండ ఉంచవలెను. ఎండలు మండునపుడు ఇది వరుసగా 10, 14 దినములకు పెంచవలెను. చుట్టును మట్టికట్ట వేసి నీరు నిలుపుట గాని, గోనెసంచులు కప్పి తడుపుచుండుట గాని చేయవచ్చును. ఉదయము ఒక్కసారి చల్లి మధ్యాహ్నమునకు ఎండనిచ్చిన ప్రయోజనము లేదు. నాలుగు వారముల వరకు ట్రాక్టరును దానిపైకి ఎక్కింపరాదు.

పైపూతలు

నేలపై ఎపాక్సీ రంగు వేసిన నూనె మరకలు అంటవను మాట నిజమే. కాని అడుగునుండి తేమ వచ్చు నేలపై ఆ రంగు నిలువదు, పొరలుగా ఊడును. రంగు వేయదలచిన వారు ముందుగా 45 సెంటీమీటర్ల చదరపు ప్లాస్టిక్ కాగితమును నాలుగు అంచులను అంటించి, ఒక రాత్రి అంతయు నేలపై ఉంచవలెను. మరునాడు దాని అడుగున తడి కనిపించిన, ఆ ఖర్చు మానుకొనుటయే మంచిది. దుమ్ము లేచు పాత కాంక్రీటుకు సోడియం సిలికేటు ద్రవమును నాలుగు రెట్ల నీటిలో కలిపి, ఆరిన పిమ్మట మరల మరల రెండు మూడు పూతలు వేసిన పైభాగము గట్టిపడును. ఇది చవుకైన పద్ధతి. నూనె కారు చోట ఇసుక పోసిన రేకు తట్టను ఉంచిన మరకయే పడదు. వాడిన ఇంజను నూనెను కాలువలోను, బావి దగ్గరను పారబోయరాదు. కొద్దిపాటి నూనెయే ఎంతో నీటిని త్రాగుటకు పనికిరాకుండ చేయును.

పంచాయతీ సభ్యులు చూడవలసినవి

ఇంతవరకు చెప్పినది ఇంటి సాలకు మాత్రమే కాక, పంచాయతీ ట్రాక్టరు నిలుచు పాకకును, చెత్త నుండి సంపద తయారు చేయు కేంద్రపు షెడ్డుకును వర్తించును. అచట ఖర్చగునది ఊరి సొమ్ము. కాంక్రీటు పోసిన పిదప దాని అడుగున ఏమున్నదో ఎవరును చూడలేరు. కావున పోయుటకు ముందే సభ్యులలో ఇద్దరైనను వెళ్ళి చూడవలెను. గ్రావెలు గట్టిపడినదా? రెండు అంచుల నడుమ దారము లాగి కొలిచిన, నిర్ణయించిన మందమునకు చాలినంత లోతు ఉన్నదా? కొలతపెట్టె ఉన్నదా? తడుపువారు ఎవరు, ఎన్ని దినములు తడుపుదురు? ఈ నాలుగు ప్రశ్నలకు సమాధానము దొరికిన పిమ్మటనే పని సాగనీయవలెను.

ఊరిలో ఒక్క సాల నేల ఈ విధముగ చక్కగ వేయించిన, దానిని చూచి పదిమంది నేర్చుకొందురు. నిగనిగలాడు నేలకై అప్పు చేయనక్కర లేదు. అడుగు గట్టిది, మందము సరియైనది, తడి చాలినది అయిన, సామాన్యమైన గరుకు నేలయే ఇంటివారికి ఏండ్ల తరబడి ఉపయోగపడును.