తెలుగు పల్లెల చరిత్ర కలకత్తాకు ఎలా చేరింది?

1204లో ఇంగ్లండ్ రాజు జాన్ నార్మండీ ప్రాంతాన్ని ఫ్రాన్స్ రాజు రెండవ ఫిలిప్‌కు కోల్పోయాడు. నేల చేజారినా, ఆ ప్రాంతపు ఖజానా లెక్కల చుట్టలు కొన్ని ఇంగ్లండ్‌లోనే మిగిలాయి. నేటికీ అవి లండన్‌లోని క్యూలో ఉన్న జాతీయ పత్రాగారంలో భద్రంగా ఉన్నాయి. పత్రాలు ఏ ఊరి గురించి చెబుతాయో ఆ ఊరిలోనే ఉంటాయన్న హామీ లేదు. వాటిని రాయించినవారు, సేకరించినవారు ఎటు వెళితే అవీ అటే వెళతాయి. తెలుగు గ్రామాల కైఫియతుల విషయంలోనూ ఇదే జరిగింది.

గ్రామ పుట్టుక, గుడులు, చెరువులు, మాన్యాలు, ఏలిన రాజుల వివరాలు తెలిపే స్థానిక చరిత్రే కైఫియతు. కరణాల వద్ద ఉండే కవిలెలు, శాసనాలు, పెద్దల మాటలు దీనికి ఆధారాలు. 1783లో మద్రాసు చేరిన స్కాట్లండ్ సైనిక ఇంజనీరు కాలిన్ మెకంజీ భూమి సర్వేతో పాటు వీటినీ సేకరింపజేశాడు. ఆయనకు భాషలు రావు. అసలు పని నడిపింది ఏలూరుకు చెందిన కావలి సోదరులు. వారిలో బొర్రయ్య 1803లో మరణించగా, తమ్ముడు లక్ష్మయ్య ఆ బాధ్యత తీసుకున్నాడు.

1815లో మెకంజీ భారత సర్వేయర్ జనరల్ అయ్యాడు. 1817లో కలకత్తాకు మారుతూ, సేకరణను, లక్ష్మయ్యతో సహా కొందరు సహాయకులను వెంట తీసుకువెళ్లాడు. పట్టిక పూర్తికాకముందే 1821 మే 8న మరణించాడు. ఆయన సమాధి కలకత్తాలోని సౌత్ పార్క్ స్ట్రీట్ శ్మశానవాటికలో ఉంది. సేకరణను ఈస్టిండియా కంపెనీ ఆయన భార్య నుంచి లక్ష రూపాయలకు కొన్నది.

హెచ్. హెచ్. విల్సన్ రూపొందించిన పట్టిక 1828లో కలకత్తాలో వెలువడింది. అందులో 1,568 గ్రంథాలు, 2,070 స్థానిక చరిత్రలు, 8,076 శాసన ప్రతులు, 6,218 నాణేలు లెక్కకు వచ్చాయి. ఆపై సేకరణ చీలిపోయింది. కొంత లండన్‌కు, దక్షిణాది భాషల పత్రాలు చాలావరకు మద్రాసుకు వెళ్లాయి. లండన్ చేరిన తెలుగు ప్రతులను 1830లలో సి. పి. బ్రౌన్ గుర్తించి, మద్రాసుకు తిరిగి రప్పించాడు. కాగితం చివికి, సిరా వెలిసిపోతున్న కైఫియతులకు నకళ్లు రాయించాడు. అవి నేడు చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో ఉన్నాయి. చిత్రాలు, అనువాదాలు, ఉత్తరాలు అనేకం బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి.

సేకరణను కొనసాగిస్తానని లక్ష్మయ్య ముందుకు వచ్చినా, కలకత్తాలోని ఆసియాటిక్ సొసైటీ ఒప్పుకోలేదు. భారతీయుడు అంతటి పనికి సరిపోడన్నది నాటి అభిప్రాయం. అప్పటికి ఆ పనిలో ఆయనకు దాదాపు మూడు దశాబ్దాల అనుభవం ఉంది!

పత్రాల శాస్త్రంలో ఒక మూలసూత్రం ఉంది: ఒక పత్రాన్ని ఎవరు, ఎందుకు, ఏ వరుసలో ఉంచారో తెలిస్తేనే దాని సాక్ష్యానికి విలువ. సేకరణ ముక్కలైతే ఆ వరుస తెగుతుంది. కైఫియతు ఒక నగరంలో, దాని అనువాదం మరో నగరంలో ఉంటే రెండింటినీ పోల్చడం కష్టం. మరోవైపు, ఊళ్లలో ఉండిపోయిన కవిలెలు చాలావరకు కనుమరుగయ్యాయి. ఊరు దాటిన నకలే మిగిలింది. అందుకే తమ ఊరి కైఫియతు చదివేవారు అందులోని కథతో పాటు, అది నడిచి వచ్చిన దారినీ తెలుసుకోవాలి.