చచ్చినా వెయ్యే, బతికినా వెయ్యే

"ఏనుగు చచ్చినా వెయ్యే, బతికినా వెయ్యే."

ఈ సామెత మీరు వినే ఉంటారు. బతికిన ఏనుగు విలువ మనకు తెలుసు. అది మానులు లాగేది. గుళ్లో దేవుణ్ణి ఊరేగించేది. మరి చచ్చిన ఏనుగుకు వెయ్యి ఎందుకు? దాని దంతాల కోసం.

ఆ వెయ్యి రూపాయలే ఏనుగు ప్రాణం మీదికి తెచ్చాయి.

దంతంతో గాజులు చేసేవారు. దువ్వెనలు, బొమ్మలు, కత్తి పిడులు చేసేవారు. మన విశాఖపట్నంలో ఒకప్పుడు చెక్కపెట్టెల మీద దంతపు రేకులు తాపడం చేసేవారు. తెల్లదొరలు వాటిని మోజుపడి కొనేవారు. జపానులో సంతకానికి బదులు వేసే ముద్రలను దంతంతో చేయించుకునేవారు.

దంతం అంటే ఏనుగు పన్నే. దాని మొదలు పుర్రెలో లోతుగా ఉంటుంది. దంతం మొత్తం కావాలంటే ఏనుగును చంపాలి. వేటగాళ్లు అదే చేశారు.

మన దేశపు ఏనుగుల్లో మగవాటికే పెద్ద దంతాలు ఉంటాయి. అన్ని మగవాటికీ ఉండవు. వేటగాళ్లు దంతాలున్న మగవాటినే వెతికి చంపారు. కేరళలో పెరియార్ అడవి ఉంది. అక్కడ ఒక దశలో సుమారు వంద పెద్ద ఆడ ఏనుగులకు ఒక్క పెద్ద మగ ఏనుగు మిగిలింది. ఇక పిల్లలు ఎలా పుడతాయి? ఏనుగు దాదాపు 22 నెలలు కడుపుతో ఉంటుంది. సాధారణంగా ఒక కాన్పుకు ఒక్కటే పిల్ల. మళ్లీ కాన్పుకు నాలుగైదేళ్లు పడుతుంది. మేకల మందలాగా రెండేళ్లలో తేరుకునే జాతి కాదిది.

ఆఫ్రికాలో ఆడ ఏనుగులకూ దంతాలుంటాయి. అక్కడ తల్లులు కూడా తుపాకీకి బలయ్యాయి. 1979లో ఆ ఖండంలో సుమారు 13 లక్షల ఏనుగులు ఉన్నాయని అంచనా. పదేళ్లు తిరిగేసరికి అవి దాదాపు 6 లక్షలకు పడిపోయాయి.

దేశాలు కలిసి ఏం చేశాయి?

వేట ఒక దేశంలో జరుగుతుంది. దంతం కొనేవాడు ఇంకో దేశంలో ఉంటాడు. కాబట్టి ఒక్క దేశం చట్టం చేస్తే చాలదు. అందుకని 1973లో అమెరికాలోని వాషింగ్టన్‌లో చాలా దేశాలు కూర్చుని ఒక ఒప్పందం రాసుకున్నాయి. దాన్ని సైటిస్ అంటారు. 1975 నుంచి అది అమలులోకి వచ్చింది. 1976లో మన దేశం చేరింది.

ఈ ఒప్పందంలో పట్టికలు ఉన్నాయి. మొదటి పట్టికలో ఉన్న జంతువుతో దేశాల మధ్య వ్యాపారం చేయకూడదు. మన ఏనుగు మొదటినుంచీ ఆ పట్టికలోనే ఉంది. ఆఫ్రికా ఏనుగును 1989లో చేర్చారు. ఆ ఏడాదే కెన్యా దేశం 12 టన్నుల దంతాన్ని కుప్ప పోసి తగలబెట్టింది. బీద దేశం. అమ్ముకుంటే బోలెడు డబ్బు. అయినా కాల్చింది. దంతం కొనడం తప్పని లోకానికి చాటడానికే ఆ పని చేసింది.

అయితే దేశాల మాట ఒక్కటిగా నిలబడలేదు. ఆఫ్రికా దక్షిణాన ఉన్న కొన్ని దేశాలు "మా దగ్గర ఏనుగులు పెరిగాయి. నిలవ ఉన్న దంతం అమ్మి, ఆ డబ్బు అడవికే పెడతాం" అన్నాయి. వాళ్ల మాటలోనూ కొంత న్యాయం ఉంది. 1999లో ఒకసారి, 2008లో ఇంకోసారి అమ్మకానికి అనుమతి ఇచ్చారు. 2008 తరువాత వేట మళ్లీ పెచ్చుపెరిగింది. దానికి ఆ అమ్మకమే కారణమా, కాదా అని నిపుణులు ఇంకా వాదించుకుంటున్నారు. చివరికి 2017 ఆఖరుకు చైనా తన దేశంలో దంతం వ్యాపారాన్ని మూసేసింది. అది పెద్ద మలుపు.

మన దేశం సంగతి

మన దేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. ఏనుగును చంపితే జైలే. 1992లో కేంద్ర ప్రభుత్వం ఏనుగుల కోసం ప్రత్యేకంగా ఒక పథకం పెట్టింది. దాని పేరు ప్రాజెక్ట్ ఎలిఫెంట్. ఇప్పుడు దేశంలో 33 ఏనుగు రిజర్వులు ఉన్నాయి. 2025లో వచ్చిన అంచనా ప్రకారం మన అడవుల్లో 22,446 ఏనుగులు ఉన్నాయి. 2017 లెక్కలో 27,312 అన్నారు. అంటే ఐదు వేలు చచ్చిపోయాయని అనుకోకండి. అప్పుడు కంటితో చూసి లెక్కపెట్టారు. ఈసారి లద్దెను ప్రయోగశాలలో పరీక్షించి, ఏ లద్దె ఏ ఏనుగుదో గుర్తుపట్టారు. రెండు కొలతలు వేరు.

మరి ఏనుగులు ఇప్పుడు దేనివల్ల చస్తున్నాయి? ఈ లెక్క చూడండి. 2019-20 నుంచి 2023-24 వరకు ఐదేళ్లలో మన దేశంలో 528 ఏనుగులు వేట, ప్రమాదాల వంటి కారణాలతో చనిపోయాయి. వేటగాళ్లు చంపినవి 50. రైలు కింద పడినవి 73. కరెంటు తగిలి చచ్చినవి 392.

అంటే తుపాకీ తగ్గింది. తీగ మిగిలింది.

ఏనుగు దారి

పెద్ద ఏనుగు రోజుకు సుమారు 150 కిలోల మేత తింటుంది. ఒక్కచోట ఉంటే అంత మేత దొరకదు. అందుకే అడవి నుంచి అడవికి నడుస్తుంది. తల్లి నడిచిన దారినే పిల్లలూ నడుస్తాయి. దేశంలో అలాంటి దారులు 150 ఉన్నాయని 2023లో గుర్తించారు. ఆ దారిలో మనం చెరకు వేశాం, రైలు వేశాం, ఇళ్లు కట్టాం. నీలగిరి కొండల్లో అయితే దారికి అడ్డంగా రిసార్టులే కట్టారు. 2020లో సుప్రీంకోర్టు ఏనుగుల వైపే తీర్పు ఇచ్చింది.

మన చిత్తూరు జిల్లాలో దాదాపు రెండు వందల ఏళ్లు ఏనుగులు లేవు. 1980ల్లో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి గుంపులు వచ్చాయి. కుప్పం, పలమనేరు ప్రాంతంలో నిలిచిపోయాయి. వాటి కోసం 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పాటు చేశారు. తెలంగాణలో 2024 ఏప్రిల్‌లో ఒక ఏనుగు మహారాష్ట్ర నుంచి ప్రాణహిత దాటి ఆసిఫాబాద్ జిల్లాకు వచ్చింది. రెండు రోజుల్లో ఇద్దరు రైతుల ప్రాణం తీసింది.

"ఏనుగును కాపాడండి అంటారు. మా పంటను ఎవరు కాపాడతారయ్యా?" అని అడవి అంచు రైతు అడుగుతాడు. అడగాల్సిన మాటే. దేశంలో ఏటా సుమారు 500 మంది ఏనుగుల వల్ల చనిపోతున్నారు. వాళ్లలో ఎక్కువమంది బీదవాళ్లే. ఆ రైతు మాట వినకుండా చేసే ఏ పథకమూ నిలవదు.

కొన్ని ఉపాయాలు ఉన్నాయి. ఏనుగుకు తేనెటీగలంటే భయం. ఆఫ్రికాలో రైతులు చేను చుట్టూ తేనెపెట్టెలు కడతారు. మన పక్కన కర్ణాటకలోని కొడగులో 2021లో అలాగే పెట్టి చూశారు. అడవి ఏనుగులను మళ్లించడానికి కుమ్కీలనే శిక్షణ పొందిన ఏనుగులు ఉంటాయి. 2025లో కర్ణాటక అలాంటివి మన ఆంధ్రప్రదేశ్‌కు ఇచ్చింది.

చేను చుట్టూ తీగకు దొంగ కరెంటు మాత్రం ఎప్పుడూ పెట్టకండి. అది ఏనుగునే కాదు, రాత్రి నీళ్లు కట్టడానికి వెళ్లిన పక్కచేను మనిషిని కూడా చంపుతుంది.

ఏనుగు వచ్చిందని తెలిస్తే ఒంటరిగా వెళ్లకండి. దాని మీద రాళ్లు వేయకండి. అటవీశాఖ వాళ్లకు కబురు చేయండి. పంట పోతే పరిహారం అడగండి. అటవీశాఖ వాళ్లు వచ్చి చూసేదాకా తొక్కిన పంటను తీసేయకండి. అర్జీ ఎవరితోనో రాయించనక్కరలేదు. మీరే రాయండి. మీ పేరు, ఊరు, సర్వే నంబరు, ఏ పంట, ఎంత పోయింది, ఏ తేదీ రాత్రి పోయింది, ఇవి రాస్తే చాలు. అర్జీ ఇచ్చాక రశీదు అడిగి తీసుకోండి.