ఎంత సందు వదలాలి?

జూలై నెలలో కామాఠిపురా చాల్‌లలోని పాత చెక్క తలుపులు సరిగా మూతపడవు. తేమకు చెక్క ఉబ్బి, తలుపు ద్వారబంధంలో బిగుసుకుపోతుంది. భుజంతో నెట్టితేగాని తెరుచుకోదు. అనుభవం గల వడ్రంగి ఎండాకాలంలో తలుపు బిగించేటప్పుడే వానాకాలాన్ని తలచుకొని కొంచెం సందు వదులుతాడు. మరీ ఎక్కువ వదిలితే వానజల్లు లోపలికి కొడుతుంది, ఎలుకలు దూరుతాయి. నిజాం రాజ్యం నుండి వచ్చి బొంబాయిలో ఇళ్లు కట్టిన తెలుగు కూలీలను కామాఠీలు అనేవారు. కామాఠిపురాకు ఆ పేరు వారివల్లనే వచ్చింది. సందు లెక్క వారికి కొత్తది కాదు.

తెలుగులో సందు అంటే ఇరుకు దారి అని కూడా అర్థం ఉంది కదా! నాగ్‌పాడా సందుల్లో నడిచేటప్పుడు మోటారు గ్యారేజీలు మీరు చూసే ఉంటారు. విప్పిన ఇంజను పక్కన కూర్చున్న మెకానిక్ చేతిలో సన్నని ఉక్కు రేకుల కట్ట ఒకటి ఉంటుంది. దాని పేరు ఫీలర్ గేజి. రేకులను విసనకర్రలా విప్పవచ్చు. ఒక్కొక్క రేకు మందం ఎంతో దానిమీదే చెక్కి ఉంటుంది. ఆ రేకును రెండు భాగాల మధ్య దూర్చి, అది కాస్త పట్టుతో జారితే సందు సరిపోయినట్లు గ్రహిస్తాడు. అక్కడ కొలత మిల్లీమీటరులో పదో వంతు, ఒక్కొక్కసారి వందో వంతు. మన తల వెంట్రుక మందం సుమారు 0.07 మిల్లీమీటరు. ఇంజను పని అంతా ఆ వెంట్రుక చుట్టూ తిరుగుతుంది.

సిలిండరులో పిస్టను పైకీ కిందికీ కదులుతుంది. చాలా ఇంజనులలో సిలిండరు గోడ ఇనుముది, పిస్టను అల్యూమినియంది. చిక్కంతా ఇక్కడే వస్తుంది. 100 మిల్లీమీటర్ల అల్యూమినియం కడ్డీని 100 డిగ్రీలు వేడిచేస్తే సుమారు 0.23 మిల్లీమీటరు పెరుగుతుంది. ఇనుప కడ్డీ అందులో సగమే పెరుగుతుంది. పైగా పిస్టను తల నేరుగా మంటను ఎదుర్కొంటుంది. సిలిండరు గోడను బయట నీరో గాలో చల్లబరుస్తూ ఉంటుంది. కనుక లోపలిది ఎక్కువ ఉబ్బుతుంది, బయటిది తక్కువ ఉబ్బుతుంది. కంటికి గుండ్రంగా కనబడే పిస్టను నిజానికి గుండ్రం కాదు. వేడెక్కాక గుండ్రం కావాలని చల్లగా ఉన్నప్పుడు దానిని కాస్త కోలగా చేస్తారు. తలభాగాన్ని అడుగుభాగం కంటే సన్నగా ఉంచుతారు.

ఈ లెక్క అన్ని ఇంజనులకూ ఒకటి కాదు. 2023 వరకు ముంబై వీధుల్లో తిరిగిన ప్రీమియర్ పద్మిని టాక్సీనే తీసుకోండి. అది రద్దీలో ఆగుతూ సాగుతూ తక్కువ వేగంతో నడిచింది. దాని ఇంజనుకు తయారుచేసినవారు చెప్పిన కొలత చాలు. పందెపు ఇంజను సంగతి వేరు. అది పందెం పొడుగునా తన శక్తినంతా ధారపోస్తుంది, కాబట్టి పిస్టను మరింత వేడెక్కుతుంది. ఆ దెబ్బలకు ఆగాలని పోత పోసిన పిస్టనుకు బదులు సుత్తిపోటుతో గట్టిపరచిన పిస్టను వేస్తారు. అది సాధారణంగా ఎక్కువ వ్యాకోచిస్తుంది, ఎక్కువ సందు కోరుతుంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు లొడలొడ శబ్దం చేసినా తప్పులేదు.

మన దేశంలో ఇటువంటి పందేలు చాలాకాలం మద్రాసు దగ్గర షోలవరంలో, యుద్ధకాలపు పాత విమానాల బాటమీద జరిగాయి. కోయంబత్తూరులో తరతరాల కిందట స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఉన్నాయి. వారిలో లక్ష్మీ మిల్స్ కుటుంబానికి చెందిన ఎస్. కరివర్ధన్ ఒకరు. వీధిలో తిరిగే మారుతి కారు ఇంజనుతోనే ఒంటరి సీటు పందెపు కారు తయారుచేసి, దానికి ఫార్ములా మారుతి అని పేరు పెట్టారు. విదేశీ కారు కొనలేని యువకులకు అది పందెపు బాట చూపింది. కరివర్ధన్ 1995లో విమాన ప్రమాదంలో మరణించారు.

సందు తక్కువైతే ఏమవుతుంది? పిస్టను గోడను ఒరుసుకొంటుంది. నూనె పొర చిరిగి, లోహం లోహానికి అతుక్కొని, ఇంజను పట్టేస్తుంది. గ్యారేజీలో దీన్ని సీజ్ అయింది అంటారు. కారులో అయితే డబ్బు నష్టం. వేగంగా పోయే మోటారుసైకిలుపై అయితే వెనుక చక్రం ఒక్కసారిగా బిగుసుకొని, నడిపేవాడు ఎగిరిపడతాడు. ఇంజను కట్టినవాడు పందెం గట్టున నిలబడి ఉంటాడు, ప్రాణం మాత్రం మరొకరిది. కనుక అనుమానం కలిగితే పిస్టను దగ్గర వెంట్రుకవాసి ఎక్కువే వదలడం మంచిది. కాస్త నూనె కాలుతుంది, కాస్త శక్తి తగ్గుతుంది, అంతే.

బేరింగుల దగ్గర మాత్రం ఈ మాట చెల్లదు. అక్కడ సందు నిండా నూనె ఉండాలి. తిరిగే ఇరుసు ఆ నూనె పొరమీదే తేలుతుంది. 50 మిల్లీమీటర్ల ఇరుసుకు 0.05 మిల్లీమీటరు సందు అన్నది పాత లెక్క. పందెపు ఇంజనుకు దానికి కొద్దిగా కలుపుతారు. బాగా వదులైతే నూనె పక్కలనుండి కారిపోయి, ఒత్తిడి పడిపోయి, ఇరుసు బేరింగును సుత్తిలా కొడుతుంది.

ఇక వేగం సంగతి. 1966లో మైక్ హెయిల్‌వుడ్ నడిపిన హోండా 250 సి.సి. పందెపు మోటారుసైకిలుకు ఆరు సిలిండర్లు. ఇంజను నిమిషానికి 18,000 చుట్లు తిరిగేది. అంటే సెకనుకు 300 చుట్లు. ఒక్కొక్క పిస్టను సెకనుకు 600 సార్లు ఆగి వెనుదిరగాలి. చుట్లు రెండింతలైతే లాగే బలం నాలుగింతలు, మూడింతలైతే తొమ్మిదింతలు అవుతుంది. ఆ వేగంలో 100 గ్రాముల పిస్టను పైకొనలో తిరిగేటప్పుడు సుమారు ఏడు క్వింటాళ్ల బరువులా లాగుతుందని లెక్క తేలుతుంది. అంత బలానికి ఉక్కు కడ్డీ కూడా కొద్దిగా సాగుతుంది. పిస్టను ఉండవలసిన చోటుకంటే పైకి వస్తుంది. వాల్వును మూయవలసిన స్ప్రింగు కూడా ఆ వేగాన్ని అందుకోలేక వెనుకబడవచ్చు. అప్పుడు పిస్టను వాల్వును గుద్దుతుంది.

అందుకని ఇక్కడ వెంట్రుకవాసి చాలదు. లోపలికి గాలి తెచ్చే వాల్వుకు సుమారు 2 మిల్లీమీటర్లు, పొగ పంపే వాల్వుకు ఇంకాస్త ఎక్కువ వదులుతారు. పొగ వాల్వు బాగా వేడెక్కుతుంది, పైగా పిస్టను దాన్ని వెంటాడుతూ పైకి వస్తుంది. దీన్ని కొలిచే పద్ధతి చిన్నపిల్లల ఆటలా ఉంటుంది. పిస్టను తలమీద మెత్తని బంకమట్టి పరుస్తారు. ఇంజను బిగించి, చేత్తో మెల్లగా రెండు చుట్లు తిప్పుతారు. మళ్లీ విప్పి, వాల్వు అచ్చు పడిన చోట మట్టిని కత్తితో కోసి, మిగిలిన పొర మందం కొలుస్తారు. చాలకపోతే పిస్టను తలలో గుంట తీయాలి. గుంట లోతైతే గాలిని నొక్కే శక్తి తగ్గి, ఇంజను బలహీనపడుతుంది. ఎక్కడ ఆపాలో పుస్తకం పూర్తిగా చెప్పదు. మంచి మేస్త్రీలు పందెం ముగిశాక ఇంజను విప్పి దాని గుర్తులు చదువుతారు. పిస్టను పక్కలందు నాలుగుచోట్ల గీతలుంటే సందు చాలలేదనో, వేడెక్కకముందే తరిమారనో అర్థం. ఆ సంగతి నోటుపుస్తకంలో రాసుకొంటారు.

ఫార్ములా మారుతిలో మొదలుపెట్టిన నారాయణ్ కార్తికేయన్ 2005లో ఫార్ములా వన్ పందెంలో పాల్గొన్న మొదటి భారతీయుడయ్యాడు. ఆనాటి ఫార్ములా వన్ ఇంజనులలో సందులు వేడికి మాత్రమే సరిపోయేంత చిన్నవి. చల్లగా ఉన్నప్పుడు తిప్పబోతే తిరగనంత బిగువు. కాబట్టి ఉదయాన్నే ఎవరూ తాళం తిప్పి స్టార్ట్ చేసేవారు కాదు. ముందు బయటినుండి గొట్టాలు తగిలించి, వేడిచేసిన నీటినీ నూనెనూ ఇంజనులోకి చాలాసేపు పంపేవారు. లోహమంతా వెచ్చబడి, అన్ని భాగాలూ తమ తమ కొలతకు వచ్చాకే అది తిరిగేది.