చెనిక్కాయ ఊడయు బాప్తిస్మమును

చదువవలసిన భాగము: రోమా 6:3–11



మన ప్రభువు బోధించునప్పుడు ఆవగింజను, వలను, పులిసిన పిండిని, అంజూరపు చెట్టును చూపి బోధించెను. వినినవారు మరునాడు పనికి పోయినప్పుడు ఆ వస్తువు కంటబడగానే ఆ మాటయు జ్ఞాపకమునకు వచ్చెడిది. బాప్తిస్మమును గూర్చి పౌలు వ్రాసిన ఈ భాగము మనలో అనేకులకు కష్టముగా తోచుచున్నది. క్రీస్తుతో కూడ పాతిపెట్టబడితిమని ఆయన చెప్పుచున్నాడు. బ్రదికియున్న మనిషి పాతిపెట్టబడుట ఎట్లు? పాతిపెట్టబడినవాడు ఫలించుట ఎట్లు? ఇందుకు పెద్ద గ్రంథములు వెదకనక్కరలేదు. వానకారున మన వడమాలపేట చేలగట్టున కూర్చుండి చెనిక్కాయ మొక్కను చూచిన చాలును.

మామిడియు, చింతయు, కందియు పూచినచోటనే కాయును. చెనిక్కాయ అట్లు కాదు. విత్తిన ఇంచుమించు నెల దినములకు పచ్చని పువ్వు పూచును. ప్రొద్దున విచ్చిన పువ్వు ఆ దినమే వాడిపోవును. తెలియనివాడు చూచి, పూత పోయినది, ఇక కాపు లేదనుకొనును. అయితే వాడిన పువ్వు మొదటినుండి సన్నని ఊడ బయలుదేరి, నేలవైపునకు వంగి, మట్టిలోనికి దిగును. అక్కడ చీకటిలో కాయ కట్టును. కొమ్మకు చాల ఎత్తున పూచిన పువ్వుయొక్క ఊడ నేలను అందుకొనలేక గాలిలోనే వ్రేలాడి ఎండిపోవును. మొక్క పైకి ఎంత పచ్చగానున్నను, ఊడ దిగనిచో పీకినప్పుడు చేతికి వచ్చునది కట్టె మాత్రమే.

మరియొక సంగతి గమనించుడి. ఊడ మొక్కనుండి తెగి మట్టిలో పడదు. మొక్కతో కలిసియుండియే దిగును. పౌలు చెప్పు “ఆయనతో కూడ” అనుమాట ఇదియే. బాప్తిస్మములో మనము ఒంటరిగా సమాధిలోనికి పోవుటలేదు. మనకు ముందుగా సమాధిలోనికి పోయి లేచిన వానితో అంటుకొని పోవుచున్నాము. కాబట్టియే అది చావుగా ముగియదు.

నేల గట్టిపడియున్నచో ఊడ దిగదని రైతులందరికి తెలియును. అందుచేత పూతకాలమున కలుపు తీసి, మట్టిని గుల్లచేసి, జిప్సము చల్లి, మొదళ్లకు మట్టి ఎగదోయుదురు. బాప్తిస్మమునకు ముందు మనము నేర్పు పాఠములు ఇట్టివే. అయితే ఊడలు దిగిన తరువాత ఆ నేలను కదపరాదు. ఈ మాట సంఘపెద్దలు ప్రత్యేకముగా వినవలెనని నా మనవి. క్రొత్తగా బాప్తిస్మము పొందినవారిని ప్రతి ఆదివారమును నిలువబెట్టి, “నీవు నిజముగా మారితివా?” అని అడుగుట, కాయ కట్టినదో లేదోయని మొక్కను పీకి చూచినట్లుండును. చూచుట అయితే చూతుము గాని, ఆ మొక్క మరి బ్రదుకదు.

నేలను సిద్ధపరచి కనిపెట్టుటకు మన తెలుగు సంఘచరిత్రలో గొప్ప దృష్టాంతమున్నది. 1876–78 సంవత్సరముల గొప్ప కరవులో ఒంగోలు బాప్తిస్టు మిషనరీయైన క్లౌ దొరగారు బకింగుహాము కాలువ త్రవ్వకములో కొంత భాగమును గుత్తకు తీసికొని వేలకొలది బీదలకు పని కల్పించెను. అక్కడ వాక్యము విని అనేకులు బాప్తిస్మము అడిగిరి. కూటికొరకు వచ్చుచున్నారేమోయని ఆయన సంవత్సరమునకు పైగా ఎవరికిని ఇయ్యలేదు. కరవు సహాయము ఆగిపోయిన తరువాత, ఇక మీకు ఏమియు ఇయ్యలేమని చెప్పినను ఆ జనులు తొలగిపోలేదు. వారిలో ఎక్కువమంది మాదిగ పల్లెలవారు. వారు బొబ్బలెక్కిన తమ చేతులను చూపి, మేము కష్టించియే బ్రదుకుదుము, వచ్చు పంటయు పోయినయెడల క్రైస్తవులమై చత్తుమని చెప్పిరి. 1878 జూలై 3న వెల్లంపల్లియొద్ద గుండ్లకమ్మ యేటిలో, ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున దిగి 2,222 మందికి బాప్తిస్మమిచ్చిరి.

నీళ్లు ఎన్ని యుండవలెనను వివాదము నాకు అంత ప్రియమైనది కాదు. ఒంగోలువారు ముంచిరి. 1865లో సూళ్లూరుపేటలో పని ఆరంభించిన హెర్మన్సుబర్గు మిషనరీలు చేతితో నీళ్లు పోసిరి. వేసవిలో స్వర్ణముఖి ఇసుకలో చెలమ త్రవ్వుకొను మనవంటివారికి గాజా అరణ్యమార్గమున ఫిలిప్పునకు కనబడిన నీళ్లు బాగుగా అర్థమగును (అపొ. కార్య. 8:36). అవి ఎంత లోతో లూకా వ్రాయలేదు.

నేటి కష్టము నీళ్లను గూర్చినది కాదు, కాగితమును గూర్చినది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము షెడ్యూల్డు కులముల హోదా మొదట హిందువులకే యుండెను. 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును అది కలిగెను. క్రీస్తునొద్దకు వచ్చిన వారికి నేటికిని లేదు. మన రాష్ట్రములో వారిని వెనుకబడిన తరగతుల ‘సి’ గుంపులో చేర్చి ఒక శాతము ఇచ్చుచున్నారు. గుండ్లకమ్మ దినములలో బాప్తిస్మమువలన లాభము వచ్చునని కొందరు అనుమానించిరి. ఇప్పుడు నష్టమే కనబడుచున్నది. చదువుకొను బిడ్డలు వచ్చి, “అయ్యగారూ, ఉద్యోగము వచ్చినంతవరకు ఆగవచ్చునా?” అని అడుగుదురు. తలిదండ్రులు కూలిచేసి చదివించిన బిడ్డలను ఆ ప్రశ్నకై గద్దించుటకు నాకు నోరు రాదు. తొందరపెట్టను, వారితో కూర్చుండి ప్రార్థింతును. అయితే రహస్యముగా ఇచ్చి పుస్తకములో వ్రాయవద్దని అడిగినయెడల మాత్రము నేను ఒప్పుకొనలేను. కాయ చీకటిలో కట్టును గాని, మొక్క పదిమంది చూచునట్లు ఎండలోనే నిలిచియుండును గదా.

ఇక చిన్నతనముననే బాప్తిస్మము పొంది, అది ఎప్పుడో జరిగిపోయినదని తలంచువారితో ఒక మాట. చెనిక్కాయ ఒక్క దినమున పూచి ఊరకుండదు. వారములకొలది పూచును, ప్రతి పువ్వును వాడి తన ఊడను దింపవలెను. లూథరు 1529లో వ్రాసిన చిన్న కాటెకిజములో, మనలోని ప్రాచీన పురుషుడు ప్రతిదినమును మునిగి చావవలెననియు, క్రొత్త మనిషి ప్రతిదినమును లేవవలెననియు బోధించెను. నిన్న పొరుగువానితో గట్టు తగవులో పలికిన మాట నేడు పాతిపెట్టవలసినదే. తమ్ముని భాగములోనుండి మిగుల్చుకొన్న సొమ్మును అట్టిదే.

ఈ మాసపు ఇంటికూడికలలో పై భాగమును చదువునప్పుడు చేనినుండి ఊడలు దిగిన మొక్క నొకదానిని తెచ్చి మధ్యనుంచుడి. నేలను అందని ఊడలను పిల్లలచేత లెక్కింపుడి. తరువాత పెద్దలలో ఒకరు తమ బాప్తిస్మ దినమును, ఆ దినమున ఎవరు తమ ప్రక్కన నిలిచిరో అదియు చెప్పవలెను.