నైజరు వరదలో పల్లె సేద్యము

వానలు వెలిసిన పిదప వరద వచ్చు పల్లెలను గూర్చి మీరెప్పుడైన వింటిరా? పశ్చిమ ఆఫ్రికాలోని మాలి దేశమున అట్టివి అనేకము కలవు. ఆ దేశము నడుమ నైజరు నది పాయలుగా చీలి, సముద్రమునకు మిక్కిలి దూరమున, ఎడారి అంచున, విశాలమైన పల్లపు మైదానమును ఏర్పరచినది. దానిని నైజరు లోపలి డెల్టా అందురు.

నది గినీ దేశపు కొండలలో పుట్టినది. అచ్చట జూలై మొదలు సెప్టెంబరు వరకు కురిసిన నీరు మెల్లగా దిగివచ్చి, మోప్తీ పట్టణమువద్ద అక్టోబరు, నవంబరు నెలలలో నిండుమట్టమునకు చేరును. అప్పటికి మోప్తీలో వానలు ఆగిపోయి యుండును. కావున అచ్చటి రైతు రెండు నీళ్లను నమ్ముకొనవలెను: తన పొలముమీద పడు వాన ఒకటి, దూరదేశమున పడిన వాన మరొకటి.

పూర్వమునుండి వారు పండించు వరి మన వరి కాదు. అది ఒరైజా గ్లాబెరిమా అను వేరు జాతి. తొలకరికి దున్ని విత్తనము వెదజల్లుదురు. మొలక వాననీటితోనే పెరిగి బలపడవలెను. పిదప వరద పొలమున ప్రవేశించును. నీరు పెరిగినకొలది కాండము సాగి, ఆకులు నీటిపై తేలుచుండును. వరద ముందుగా వచ్చినచో లేతపైరు మునిగి చచ్చును, ఆలస్యమైనచో ఎండిపోవును, ఒక్కసారిగా పెరిగినచో కాండము నీటితో పరుగెత్తలేదు. ఇవి చాలవన్నట్లు, వరదతో వచ్చిన చేపలు లేత వరిని కొరికి తినును. ఆ చేపలనే తరువాత పట్టి తినుట రైతునకు మిగిలిన ఊరట! పండిన గింజ సులభముగా రాలును గనుక కోతకు జాగు చేయరాదు. కొన్నిచోట్ల నీరు దిగకముందే పడవలలో పోయి కోయుదురు.

1970 దశకమున మోప్తీ ప్రాంతమునందు కట్టలు పోసి తూములు నిర్మించిరి. పైరు బలపడువరకు తూములు మూసియుంచి, తరువాత నీటిని కొద్దికొద్దిగా వదలుదురు. తూములకు తడికలు అమర్చి చేపలను ఆపుదురు. ఇది మంచి ఉపాయమే. కాని తూము వరదను ఆపగలదు, రప్పించలేదు. 1973లోను, 1984లోను కరవువలన వరద మిక్కిలి తగ్గగా, కట్టలున్న పొలములకును నీరు ఎక్కలేదు.

వరద యనిన మనకు ముందు నష్టము తోచును. అచ్చటను నష్టము లేకపోలేదు. ఊళ్లు మెరక దిబ్బలమీద నుండును. నీరు హెచ్చిన యేట మట్టి గోడలు నాని కూలును, దోమలు ప్రబలును, రోగిని వైద్యునికడకు పడవలోనే చేర్చవలెను. అయినను వరద రాని యేడు అంతకంటె కీడు. మునిగిన మైదానమే చేపలు గ్రుడ్లుపెట్టి పెరుగు చోటు. బోజో జాలరుల జీవనము దానిమీదనే నడచును. నీటితోపాటు పొడవుగా సాగు బూర్గూ అను గడ్డి, నీరు తీసిన పిదప వేసవిలో పశువుల కాధారము. మన గోదావరి లంకలలో ఒండ్రుమీద పైరు పెట్టు రైతులకు ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు.

గ్రామోద్యోగులు గమనింపదగిన విషయమొకటి కలదు. వరద తీయగానే ఫులానీ పశుకాపరులు ఎడారి వైపునుండి మందలను తోలుకొని వత్తురు. కోతలు ముగియకముందే మందలు దిగినచో తగవులు తప్పవు. అందువలన 19వ శతాబ్దమున మాసినా రాజ్యమును ఏలిన సేకూ ఆమదూ, ఏ మంద ఏ దారిన, ఎవరి తరువాత ఎవరు పోవలెనో కట్టుబాటు చేసెను. జాఫరాబే వద్ద మందలు నది దాటు పండుగను 2008లో యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చినది. కాని బూర్గూ భూములు క్రమముగా వరిమళ్లగుట చేతను, 2012 తరువాత వ్యాపించిన సాయుధ కలహముల చేతను ఆ పాత కట్టుబాటు చాలచోట్ల సడలినది.

ఎగువనున్న మార్కాలా ఆనకట్ట 1947లో పూర్తియైనది. అది కాలువల సేద్యమునకు నీరు మళ్లించును. 1982లో పూర్తియైన సెలింగే జలాశయము విద్యుత్తు కొరకు వరదనీటిని నిలువచేయును. నిండు వరద యేట ఈ తగ్గుదల అంతగా తెలియదు. కొరత యేట మార్కాలా కాలువక్రింది రైతునకు నీరందును. డెల్టాలో కొంచెము మెరకనున్న వరిమడికి అందదు.