‘మెంటార్‌గా ఉంటారా?’ అని అడక్కండి

లింక్డిన్‌లో ముక్కూమొహం తెలియని పారిశ్రామికవేత్తకు “మేడమ్, మీరు నాకు మెంటార్‌గా ఉండాలి” అని మెసేజ్ పెడతారు చాలామంది. జవాబు రాదు. ఆవిణ్ని అని లాభం లేదు. ఏం చేయమంటున్నారో, ఎన్నాళ్లు చేయమంటున్నారో అందులో ఉంటే కదా!

ఇలా రాసి చూడండి: “మేడమ్, జొన్న మురుకులు చేసి ఆరు షాపులకు వేస్తున్నాను. ఒక సూపర్‌మార్కెట్ వాళ్లు రెండు నెలల అప్పు మీద సరుకు అడుగుతున్నారు. నా దగ్గరున్న డబ్బు నెలకే సరిపోతుంది. మొదట్లో మీరు ఇలాంటివి ఒప్పుకున్నారా? పది నిమిషాలు ఫోన్లో మాట్లాడొచ్చా?” వ్యాపారం చేసిన ఎవరికైనా దీనికి చెప్పడానికి ఏదో ఒకటి ఉంటుంది. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్న చిన్న తయారీదారుకు, ఒప్పందంలో ఏం రాసుకున్నా, 45 రోజులు దాటకుండా డబ్బు కట్టాలని 2006 నాటి చిన్న పరిశ్రమల చట్టం (ఎంఎస్ఎంఈడీ) చెబుతోంది. అది చదివితే తెలిసే విషయం. ఆ మాట ఎత్తితే రెండో ఆర్డర్ వస్తుందా, ఎత్తాలంటే ఎలా ఎత్తాలి అన్నది మాత్రం దెబ్బలు తిన్నవాళ్లే చెప్పగలరు.

పరిచయం ముదిరేది ఆ ఫోన్ తర్వాతే. మూడు వారాలకు “మీరు చెప్పినట్టు సగం అడ్వాన్సు అడిగాను, పావు వంతుకు ఒప్పుకున్నారు” అని రెండు ముక్కలు రాయండి. సలహా అడిగేవాళ్లు బోలెడుమంది. దాంతో ఏం చేశారో తిరిగొచ్చి చెప్పేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఆడవాళ్లకు ఇంకో చిక్కుంది. మాట ఎంతసేపూ “ఇల్లూ వ్యాపారమూ ఎలా నెట్టుకొస్తున్నారమ్మా” దగ్గరే తిరుగుతుంది. దాన్ని ధర, మార్జిన్, బ్యాంకు లోను వైపు మళ్లించండి. మగవాళ్ల సలహా వద్దనుకోనక్కర్లేదు, పగటిపూట ఆఫీసులో కలిస్తే సరి. తేడాగా అనిపిస్తే సంజాయిషీ ఇవ్వకుండా మానేయొచ్చు.

మెంటార్‌ను వెతకడానికి చోట్లున్నాయి. 1993లో మొదలైన మహిళా పారిశ్రామికవేత్తల సంఘం అలీప్, హైదరాబాద్ గాజులరామారంలో మహిళల కోసం పారిశ్రామికవాడనే కట్టింది. మహిళా వ్యాపారులకు అండగా తెలంగాణ ప్రభుత్వపు వీ హబ్ 2018 మార్చి 8న వచ్చింది. నీతి ఆయోగ్ మహిళా వ్యాపారవేత్తల వేదిక కూడా ఆ ఏడాదిదే. మీ సీఏ, ముడిసరుకు వేసే షావుకారు కూడా పనికొస్తారు.

నన్నడిగితే, మొదటి మెంటార్ మీకంటే రెండేళ్లు ముందున్న అమ్మాయైతేనే మేలు. ఇరవై ఏళ్ల కిందట ఫ్యాక్టరీ పెట్టినావిడకు ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆహార లైసెన్సు దరఖాస్తు ఆన్‌లైన్లో ఎక్కడ ఆగుతుందో తెలియకపోవచ్చు. నిన్నగాక మొన్న లైసెన్సు తీసుకున్న అమ్మాయి ఏ కాగితం తక్కువైతే వెనక్కి పంపుతారో నిద్రలో లేపి అడిగినా చెబుతుంది.